పెదవికి తెలిసిన నునుపు

మొన్న నెల్లూరులో నరాల డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. కాగితాలకు పెట్టే క్లిప్పొకటి తీసి, రెండు కొనలూ పక్కపక్కన వచ్చేటట్టు వంచి, నా చూపుడువేలి చివర ఆనించాడు.

"ఎన్ని తగులుతున్నాయమ్మా?"

"ఒకటి."

తోడు వచ్చిన నా మనవరాలు కిసుక్కున నవ్వింది. దానికి పదకొండేళ్ళు. పరీక్ష ఎవరిదైనా సరే, తప్పు జవాబు వింటే దానికి పండగ. డాక్టరు మిగతా వేళ్ళకూ క్లిప్పు ఆనించాడు. అన్నిటికీ ఒకటే అన్నాను. దూదితో రాశాడు, అదీ తెలియలేదు. తర్వాత ఏమనుకున్నాడో, ఆ క్లిప్పునే శుభ్రంగా తుడిచి నా కింది పెదవికి ఆనించాడు.

"రెండు," అన్నాను వెంటనే.

"చూశారా? షుగరు పాతబడితే పొడుగాటి నరాల కొసలు ముందు దెబ్బతింటాయి. అందుకే మొదట కాళ్ళు, ఆ తర్వాత చేతులు. పెదవి నరం పొట్టిది, దానికింకా ఏం కాలేదు. మామూలు మనుషులకైనా పెదవి భలే చురుకమ్మా. మెదడులో స్పర్శ తెలిసే చోట పెదవులకు ఉన్నంత జాగా వీపు మొత్తానికీ లేదు."

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. జబ్బుకు భయపడ్డాననుకుని ఆయన మాత్రలు రాస్తూ ధైర్యం చెప్పాడు. నాది భయం కాదు, సిగ్గు. ముప్పై ఏళ్ళు పిల్లలకు జ్ఞానేంద్రియాల పాఠం చెప్పి పింఛను తింటున్నదాన్ని. పెదవి సంగతి నాకు ఈ డాక్టరు పుట్టకముందే ఒక మనిషి చూపించింది. ఆ మనిషికి నేను చేసిన పని గుర్తొచ్చి, ఆత్మకూరుకు తిరిగొచ్చే బస్సులో మనవరాలు ఎన్ని కబుర్లు చెప్పినా ఒక్కటీ నా చెవికెక్కలేదు.

మాది ఉదయగిరి. కొండ కింద వీధి. మా ఇంటి వెనక సందులో చెంచాలవ్వ ఉండేది. ఆమెకూ ఒక పేరు ఉండే ఉంటుంది గానీ వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేది. కూతుర్ని ఆత్మకూరులో ఇచ్చింది. భర్త పోయాక ఆయన పనిముట్లే ముందేసుకుని చెక్క చెంచాలు, గరిటెలు చేసి అమ్మేది. చెక్కను నానబెట్టడం, బాడిశతో చెక్కడం, ఆకురాయితో అరగదీయడం అన్నీ ఒక్కతే. పిడి చివర చిన్న ఆకు చెక్కేది. అది ఆమె గుర్తు.

బడి వదలగానే నా కాళ్ళు ఇంటి వైపు కాకుండా ఆమె పాక వైపు నడిచేవి. అక్కడి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పచ్చి చెక్క వాసన, నువ్వుల నూనె వాసన, పొయ్యి మీద పెద్ద కుండలో చింతపండు నీళ్ళు మరుగుతుంటే వచ్చే పుల్లటి ఆవిరి. తయారైన చెంచాలన్నిటినీ ఆ నీళ్ళలో మరగబెట్టి, నీడన ఆరబెట్టి, నూనె రాసేది. పొయ్యి ఊదే పని నాది. గొట్టంతో ఊదీ ఊదీ బుగ్గలు నొప్పి పుడితే, సజ్జరొట్టె ముక్కలో చెనిక్కాయల పచ్చడి పెట్టి చేతికిచ్చేది. మా ఇంట్లో నేతి గిన్నె ముందు పెట్టినా ముద్ద దిగని దాన్ని, అక్కడ పొయ్యి పక్కన కూర్చుని రెండు రొట్టెలు లాగించేదాన్ని.

మా అవ్వకు ఈ సంగతి తెలుసు. మా అవ్వ అంటే నాయనను కన్నతల్లి. ఇంట్లో ఎంగిలీ మడీ చట్టం ఆమెది. నీళ్ళ చెంబు పెదవికి తగిలితే ఆ చెంబు బూడిదతో తోమాల్సిందే. ఊరగాయ జాడీ దగ్గరికి పిల్లల్ని రానిచ్చేది కాదు. "నాన్నా, అమ్మా" తర్వాత నేను నేర్చుకున్న మాట "ఎంగిలి" అయ్యుంటుంది. ఆ అవ్వే, రంజాన్‌కు చెంచాలవ్వ పంపే సేమ్యా పాయసాన్ని దొడ్లో బావి చాటున నిలబడి గిన్నె అడుగు దాకా తిని, మూడు సార్లు పుక్కిలించి ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చేది. "రుచి చూసినాలే, మరీ పారబోస్తే పాపం గదా," అనేది మేం నవ్వితే.

చెంచాలవ్వకు కళ్ళలో పువ్వు లేచింది. మనిషి ఆకారం తెలిసేది గానీ ముఖం తెలిసేది కాదు. పోనీ వేళ్ళతో చూద్దామంటే, ఆకురాయి పట్టీ పట్టీ వేలికొసలు కాయలు కాసి గవ్వల మాదిరి బిరుసెక్కాయి. అందుకని చెంచా నునుపు తేలిందో లేదో చూడటానికి ఆమె పెదవిని వాడుకునేది. కొంగుతో మూతి పొడిగా తుడుచుకుని, నోరు గట్టిగా మూసి, చెంచా అంచును కింది పెదవి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడిపేది. ఎక్కడో ఒకచోట ఆగేది. అక్కడ గోటితో గీత పెట్టుకుని మళ్ళీ ఆకురాయి అందుకునేది. నేను ఆ చోటును కళ్ళు చిట్లించి చూసినా ఏమీ కనిపించేది కాదు.

"తడి మూతికి తెలవదు బిడ్డా," అనేది. "పొడిగా ఉంటేనే చెప్తాది. కండ్లు మోసం చేస్తాయి, చేతులు మొద్దుబారినాయి. ఇదొక్కటే ఇంకా నా మాట వింటా ఉండాది."

ఆమెను ఓడించాలని పిల్లలం చేయని వెధవపని లేదు. నునుపైన ఇరవై చెంచాల్లో ఒక్క గరుకుది కలిపి ఇచ్చేవాళ్ళం, పట్టేసేది. కళ్ళకు గుడ్డ కట్టి వేపాకు, కరివేపాకు, చింతాకు పెదవికి ఆనించి అడిగేవాళ్ళం, చెప్పేసేది. ఉక్రోషం పట్టలేక ఒకరోజు నేను చెంచా అంచుకు మిరప్పొడి రాసి ఇచ్చాను. పెదవి మండి ఆమె ఎగిరిపడింది. తిడుతుందనుకున్నా. కొంగుతో తుడుచుకుంటూ, "కారానికి నాలుకెందుకే, మంట మూతికే తెలస్తాది గదా. కంట్లో పెట్టు, కంటికీ తెలస్తాది," అని నవ్వింది. కారం రుచి కాదనీ, నొప్పిని మోసే నరాలే దాన్ని మోస్తాయనీ కాలేజీలో పుస్తకం తెరిచాక చదువుకున్నాను. అప్పుడు కూడా పుస్తకాన్నే మెచ్చుకున్నాను, అవ్వను తలుచుకోలేదు.

ఆ ఏడే బళ్ళో జ్ఞానేంద్రియాల పాఠం వచ్చింది. అయ్యవారు బోర్డు మీద ఇంత నాలుక బొమ్మ గీసి రంగు సుద్దలతో గళ్ళు కట్టారు. కొసన తీపి, పక్కల పులుపు, ఉప్పు, వెనక చేదు. ఎవరి వీధిలో వాళ్ళు కాపురం ఉన్నట్టుంది బొమ్మ. నాకు భలే నచ్చింది. సాయంత్రం పాకలో కూర్చుని అవ్వకు పాఠం అప్పజెప్పాను.

ఆమె చేతిలో పని ఆపింది. "తీపి కొసకేనా? వెనకాల తెలవదా?" అంది. లేచి, ఉట్టిలో నుంచి బెల్లం ముక్క తీసి రెండుగా విరిచింది. "నాలిక వెనకాల పెట్టుకో. ముందుకు రానీయకు. నేనూ పెట్టుకుంటా."

ఇద్దరం కొంగల్లాగా మెడలు వెనక్కి వంచి కూర్చున్నాం. కాసేపటికి ఆమె అడిగింది. "ఏంది?"

"తీపే అవ్వా!"

"అయితే మీ అయ్యోరు బెల్లం తినలేదులే పాపం," అంది. ఇద్దరం ఉక్కిరిబిక్కిరిగా నవ్వాం.

మర్నాడు క్లాసులో చెయ్యెత్తి ఆ మాటే చెప్పాను. నాలుక వెనక కూడా తీపి తెలుస్తుందండీ, మేం చూశాం అన్నాను. అయ్యవారు మంచివారే గానీ ఆయనకు ఎదురు చెప్తే నచ్చదు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"చెంచాలవ్వ సార్."

క్లాసు గొల్లుమంది. "ఓహో. అయితే రేపట్నుంచి ఆమె కాడికే పో. ఆమే పాఠం చెప్తాది, ఆమే పరీక్ష పెడతాది," అని బెంచీ ఎక్కించారు. గంట కొట్టేదాకా నిలబడ్డాను. బయటికొస్తుంటే, "గరిటెల పంతులమ్మ శిష్యురాలొచ్చింది రోయ్" అని పిల్లలు వెంటపడ్డారు. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లను. బెంచీ ఎక్కడం అదే మొదటిసారి. అయ్యవారి మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా కోపమంతా ఆ బెల్లం ముక్క ఇచ్చిన చేతి మీదికి తిరిగింది.

మూడు రోజులు పాకకు పోలేదు. నాలుగో రోజు శనివారం, ఒంటిపూట బడి. ఆత్మకూరు నుంచి షావుకారు వచ్చాడని తెలిసి చూడ్డానికి పోయాను. ఆయన పెద్ద ఊళ్ళ అంగళ్ళకు సరుకెత్తే మనిషి. ఆ ఏడు మొదటిసారి ఊరగాయ జాడీల్లోకి పొడుగు పిడి గరిటెలు కావాలన్నాడు. ఇనుము పులుపుకు తుప్పు పడుతుంది, చెక్కయితే పచ్చడి చెడదు. అవ్వ నాలుగు నెలలు కూర్చుని రెండు గోతాలకు సరిపడా చేసింది. ఆ సరుకు పోతే నెల్లూరు పోయి కన్ను కోయించుకోవాలని ఆమె ఆశ. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "కండ్లొచ్చినాక మొట్టమొదట నీ మొగం చూస్తా. గొంతు మాత్రం బాగుండాది, మొగం ఎట్టుంటాదో," అనేది నాతో.

నేను పోయేసరికి షావుకారు నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. అవ్వ చివరి నాలుగు గరిటెలు పూర్తి చేస్తోంది. నా అడుగు చప్పుడు విని, "వచ్చినావా? మూడు దినాల్నుంచి పొయ్యి ఊదే దిక్కు లేదే," అంది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని గరిటె అంచును పెదవి మీద నడిపి, ఒకచోట గోటితో గీత పెట్టి, మళ్ళీ పెదవికి ఆనించింది.

షావుకారు గ్లాసు కింద పెట్టాడు. "ఏందవ్వా అది? మూతికి పెట్టుకుంటా ఉండావే?"

"నునుపు చూస్తా ఉండా నాయనా."

ఆయన నా వైపు తిరిగాడు. "పాపా, అన్నిటికీ ఇంతేనా?"

నేను అన్నాను, "అన్నీ ఎంగిలే."

ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలియక కాదు. మా అవ్వ ఇంట్లో పెరిగినదాన్ని, తెలిసే అన్నాను. షావుకారు ముఖం మారింది. అవ్వ మాత్రం కంగారు పడలేదు. గరిటె పెదవి దగ్గరే పట్టుకుని నవ్వింది.

"అది చిన్నపిల్ల. పొడి మూతికి ఆనిస్తే ఎంగిలేంది నాయనా? అయినా అన్నిటినీ చింతపండు నీళ్ళల్లో మరగబెడతా. ఆ బిడ్డనే అడుగు, పొయ్యి ఊదేది అదే."

"నిజమేనా పాపా?"

ఆ పొయ్యి బూడిద నా గౌను మీద ఎన్నిసార్లు పడిందో. ఆ ఆవిరి నా జుట్టుకు పట్టి మా అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో. అవ్వ తెల్లబడ్డ కళ్ళు నేనున్న వైపుకు తిప్పి, నేను చెప్పబోయేది ముందే తెలిసినట్టు నిమ్మళంగా కూర్చుంది. నాకు బెంచీ గుర్తొచ్చింది.

"నాకు తెలవదు. నేను చూళ్ళేదు," అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు ఉన్నట్టుండి పోలేదు. కొంచెంసేపు అలాగే ఉండి, ఏం చేయాలో తెలియక ఆగిపోయింది. గరిటెను పెదవి మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

షావుకారు లేచాడు. "ఊరగాయ జాడీలోకి పొయ్యే గరిటెలవ్వా ఇవి. ఈ మాట బయటికి పోతే నా అంగడి గతేంది? ఏమనుకోవాకు," అన్నాడు. చెడ్డవాడేం కాదు. మజ్జిగ గ్లాసు తనే కడిగి బోర్లించి, మధ్యాహ్నం బస్సుకు పోయాడు. గోతాలు రెండూ గోడకు ఆనించి అట్లాగే ఉన్నాయి.

ఆ సాయంత్రానికే సంగతి మా ఇంటికొచ్చింది. మా అవ్వ నన్ను దొడ్లోకి పిలిచింది. "మరగబెట్టేది నువ్వు చూళ్ళేదంటనే? ఆ పుల్లటి వాసన రోజూ మన దొడ్లోకి వస్తా ఉంటే?" అంది. నేను కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడ్డాను. "నరం లేని నాలిక," అని తల కొట్టుకుని లోపలికి పోయింది. ఆమె కూడా వీధిలోకి పోయి ఆ వాసన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె మాటను కాదనేవాళ్ళు ఊళ్ళో లేరు. నాలుకకు నరాలు ఉన్నాయనీ, రుచికి వేరు, స్పర్శకు వేరు, కదలడానికి వేరు అనీ నేను తర్వాత ఎంతోమంది పిల్లలకు బొమ్మ గీసి చెప్పాను. అన్ని నరాలున్నా ఆ రోజు నా నాలుక ఆగలేదు.

ఆ తర్వాత చెంచాలవ్వ పెదవి వాడటం మానేసింది. ఎవరూ లేనప్పుడు కూడా వాడేది కాదట. కళ్ళు లేవు, వేళ్ళు లేవు, పెదవినేమో నేను తీసేశాను. చెంచాలు గరుకుగా వచ్చేవి. సంతలో కొన్నవాళ్ళు పెదవి చీరుకుందని తెచ్చి ఆమె ముందు పడేశారు. ఊళ్ళో గిరాకీ పోయింది. నెల్లూరు ప్రయాణం మాటే ఎత్తలేదు. ఆ ఏడు రంజాన్‌కు మా ఇంటికి పాయసం రాలేదు. మా అవ్వ రెండుసార్లు దొడ్డి గుమ్మం దాకా పోయి చూసొచ్చింది.

ఎండాకాలంలో కూతురొచ్చి ఆమెను ఆత్మకూరు తీసుకుపోయింది. మూట కట్టుకున్నాక అవ్వ నాకు కబురు పెట్టింది. పోనని మొండికేస్తే మా అమ్మ చెయ్యి పట్టి ఈడ్చుకుపోయింది. అవ్వ తడుముకుని నా చెయ్యి తీసుకుని అందులో ఒక గరిటె పెట్టింది.

"నువ్వేం అబద్ధం చెప్పలేదులే బిడ్డా. మూతికి ఆనించేది నిజమే గదా," అంది. "బాగా సదువుకో."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడ్చి మర్చిపోయేదాన్ని. రెండో మాట అబద్ధమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె దాన్ని ఎత్తకుండా పక్కన పెట్టి వెళ్ళింది.

ఇంకా చెప్పాల్సింది ఉంది. నేను కాలేజీ చదువుకు ఆత్మకూరు హాస్టల్లో చేరాను. రెండు సందుల అవతలే వాళ్ళ ఇల్లు. ఒకరోజు అటు పోతుంటే వసారాలో కనిపించింది. మంచం మీద కూర్చుని తడుముకుంటూ వెల్లుల్లి ఒలుస్తోంది. చూపు పూర్తిగా పోయిందని తెలుస్తూనే ఉంది. నా చెప్పుల చప్పుడుకు తలెత్తింది.

"ఎవురమ్మా అది?"

ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "ఎవురూ?" అని మళ్ళీ అడిగింది. గొంతు విప్పితే గుర్తుపడుతుంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దొంగ మాదిరి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ సందు దాటాను. తర్వాత ఆమె పోయేదాకా నేను ఆ సందులో నడవలేదు.

టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు ఆ నాలుక బొమ్మే గీశాను. కొసన తీపి, వెనక చేదు. తప్పని పదకొండో ఏటే బెల్లం ముక్కతో తెలుసుకున్నదాన్ని. అయినా పుస్తకంలో ఉందని గీశాను. ఒక పిల్లవాడు ఒకసారి చెయ్యెత్తి, "వెనకాల కూడా తియ్యగానే ఉండాది టీచర్," అన్నాడు. "పరీక్షలో ఇట్లనే రాయి," అని కూర్చోబెట్టాను. ఎందుకో వాణ్ణి బెంచీ మాత్రం ఎక్కించలేదు. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర మంచితనం లేదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం బీరువా అడుగున ఉన్న గరిటెను తీశాను. ఇన్నేళ్ళలో దాన్ని ఏ జాడీలోనూ పెట్టలేదు. పారేయనూ లేదు. వేళ్ళతో తడిమితే ఏమీ తెలియలేదు, గుడ్డ చుట్టిన చెయ్యిలాగా ఉంది. వేళ్ళు బాగున్న రోజుల్లో తడిమినా నున్నగానే అనిపించేది. కొంగుతో మూతి పొడిగా తుడుచుకుని, నోరు మూసి, అంచును కింది పెదవి మీద నడిపాను.

అద్దంలాగా జారింది. సగం దాటాక ఒకచోట ఆగింది. ఆవగింజంత గరుకు. మళ్ళీ నడిపితే మళ్ళీ అక్కడే. పక్కనే గోటితో పెట్టిన సన్నటి గీత కూడా పెదవికి తెలిసింది. నేను ఆ మాట అన్నప్పుడు ఆమె పెదవి దగ్గర ఉన్న గరిటె ఇదే. ఇంకో రెండు ఆకురాయి పట్లు పడితే అయిపోయేది. ఆమె మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

అప్పుడే మనవరాలు బడి నుంచి వచ్చింది. సంచీ కింద పడేసి నన్ను చూసి ముఖం చిట్లించింది.

"ఏంది అవ్వా, గరిటె నోటికి పెట్టుకుంటా ఉండావు? ఛీ, ఎంగిలి."

దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఎంగిలి కాదమ్మా," అన్నాను. "ఆమె అన్నిటినీ చింతపండు నీళ్ళల్లో మరగబెట్టేది. పొయ్యి ఊదింది నేనే. నా కండ్లతో నేను చూసినాను."

"ఎవురు అవ్వా?" అంది అది.